పిడుదు కాటు: పనివాళ్ల చేతిలో లేని గంటలు

పిడుదు ఎగరలేదు, గెంతలేదు. చెట్టు మీద నుంచి నెత్తిన పడుతుందని చాలామంది అనుకుంటారు గానీ అదీ నిజం కాదు. గడ్డిపోచ కొసకో, మోకాలెత్తు పొద అంచుకో ఎక్కుతుంది. వెనక కాళ్లతో పట్టుకుని, ముందు కాళ్లు రెండూ గాల్లోకి చాచి కాచుకుని ఉంటుంది. ఆ ముందు కాళ్ల మీద హాలర్ అవయవం అనే చిన్న గుంట ఉంటుంది. ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ను, ఒంటి వేడిని, చెమట వాసనను దాంతోనే పసిగడుతుంది. దారిన పోయే ప్రాణి ఒరుసుకుంటే చాలు, అంటుకుంటుంది. పశువుల చెవుల్లో, కుక్క మెడ మీద కరుచుకుని కనిపించే గోమార్లు ఇవే. పురుగులని పిలుస్తాం గానీ, ఎనిమిది కాళ్లున్న ఇవి సాలీళ్లకు, తేళ్లకు చుట్టాలు.

అందుకే పిడుదు కాటు ముప్పును లెక్కగట్టాలంటే అడవి ఎంత దట్టంగా ఉందో చూస్తే సరిపోదు. కాళ్లు గడ్డినీ పొదలనూ రోజుకు ఎన్నిసార్లు ఒరుసుకుంటున్నాయో చూడాలి. సెలవు రోజున షికారుకు వెళ్లినవాళ్లు బాట మీద నడుస్తారు, గడ్డి ఎత్తుగా కనిపిస్తే తప్పుకుంటారు. సర్వేయర్‌కు ఆ వీలు లేదు. హద్దురాయి ఎక్కడుంటే అక్కడికి పోవాల్సిందే. కరెంటు తీగల కింద పొదలు కొట్టేవాళ్లు, మొక్కలు నాటే కూలీలు, కలప నరికేవాళ్లు, అటవీ గార్డులు, గొర్రెల కాపరులు, పైపులైను వేసేవాళ్లు, రోడ్డు పక్క గడ్డి కోసేవాళ్లు, సైనికులు, వీళ్లందరి పనీ పిడుదు కాచుకున్న ఎత్తులోనే జరుగుతుంది. అడవీ పొలమూ కలిసే అంచు, బీడుపడ్డ చేను, రాలిన ఆకులు పేరుకున్న నేల పిడుదులకు ఇష్టమైన చోట్లు. బయటి పనుల్లో చాలావి అక్కడే ఉంటాయి.

అయితే అసలు సంగతి కాటు దగ్గర ఆగదు. పిడుదు తెచ్చే జబ్బుల్లో ప్రతి మలుపుకూ ఒక గడువుంది. పిడుదు ఒంటికి అంటుకున్నాక ఎన్ని గంటలు ఉండిపోయింది, తీసేశాక ఎన్ని రోజుల్లో జ్వరం వచ్చింది, జ్వరం వచ్చిన ఎన్నో రోజున మందు మొదలైంది అన్న వాటిని బట్టే అది చిన్న మచ్చతో పోతుందా, ప్రాణం మీదికి తెస్తుందా అనేది తేలుతుంది. ఈ గంటలూ రోజులూ పనివాళ్ల చేతిలో ఉండవు. షిఫ్టు, కాంట్రాక్టు, రోజుకూలీ, క్యాంపు బస వాటిని నిర్ణయిస్తాయి. బయట పనిచేసేవాళ్లకు ముప్పు ఎక్కువన్న మాటలో కాట్లు ఎక్కువన్నది సగం మాత్రమే. మిగతా సగం ఈ గంటల సంగతి.

కొన్ని నిమిషాలు, కొన్ని గంటలు

కరిచినట్టు తెలియదు. పిడుదు లాలాజలంలో నొప్పి తెలియనివ్వని పదార్థాలూ, రక్తం గడ్డకట్టనివ్వని పదార్థాలూ ఉంటాయి. చాలా జాతులు సిమెంటు లాంటి జిగురుతో నోటిని చర్మానికి అతికించుకుంటాయి కూడా. వీపు మీద గట్టి డిప్ప ఉండే రకాలు అలా రోజుల తరబడి రక్తం తాగుతూ ఉండిపోతాయి. గుడ్డు నుంచి లార్వా, దాని తర్వాత నింఫ్, ఆ తర్వాత పెద్ద పిడుదు. ఈ మూడు దశల్లోనూ రక్తం కావాలి. మనిషికి ఎక్కువ హాని చేసేది చాలాచోట్ల నింఫ్. గసగసం గింజంత ఉంటుంది. చెమటా మట్టీ పట్టిన చర్మం మీద అది కనపడటం చాలా కష్టం. కనపడినా పుట్టుమచ్చో, మట్టి చుక్కో అనుకుంటారు.

సాధారణంగా చర్మం మీద ఎర్ర మచ్చతో మొదలై, ముదిరితే కీళ్లవాపు దాకా వెళ్లే లైమ్ వ్యాధిని తీసుకుంటే, దానికి కారణమైన బొరేలియా బ్యాక్టీరియా పిడుదు పేగులో ఉంటుంది. కొత్త రక్తం లోపలికి వచ్చాకే అది కదిలి, లాలాజల గ్రంథుల దాకా చేరి, అక్కడి నుంచి మనిషిలోకి దిగుతుంది. ఇందుకు సాధారణంగా 24 గంటలకు పైగా పడుతుంది. అంటే పొద్దున అంటుకున్న పిడుదును రాత్రి పడుకునే ముందు తీసేస్తే ఈ జబ్బు దాదాపుగా తప్పిపోతుంది. ఇంత తేలికైన రక్షణ చాలా కొద్ది జబ్బులకే ఉంది. కానీ దానికి కావలసినవి ఏమిటి? ఒంటి మీద బట్టలన్నీ విప్పి చూసుకునే చాటు, వెలుతురు, అద్దం, వీపు చూసి పెట్టే మనిషి, నీళ్లు. టెంటులో పదిమందితో కలిసి, వేసుకున్న బట్టలతోనే పడుకునే కూలీకి వీటిలో ఏదీ ఉండదు. అతను నిమ్మళంగా స్నానం చేసేది వారానికోసారి క్యాంపు నుంచి బయటపడ్డప్పుడే అయితే, 24 గంటల గడువు అప్పటికి ఎన్నోసార్లు దాటిపోయి ఉంటుంది.

వైరస్‌ల దగ్గర ఈ లెక్క మారిపోతుంది. యూరప్, ఉత్తర ఆసియా అడవుల్లో ఉండే టిక్-బోర్న్ ఎన్‌సెఫలైటిస్ అనే మెదడువాపు వైరస్ ముందే పిడుదు లాలాజలంలో ఉంటుంది. నిమిషాల్లోనే మనిషికి ఎక్కేస్తుంది. ఉత్తర అమెరికాలోని పొవాసన్ వైరస్ 15 నిమిషాల్లో ఎక్కగలదని ఎలుకల మీద ప్రయోగాల్లో తేలింది. సాయంత్రం ఒళ్లు చూసుకోవడం ఇక్కడ ఆలస్యమే. కాటే పడకుండా చూడాలి, టీకా ఉంటే వేయించాలి. పిడుదుల గురించిన కరపత్రాలు తరచూ ఒకే సలహాను అన్ని జబ్బులకూ వర్తింపజేస్తాయి. 'రోజూ ఒళ్లు చూసుకోండి' అన్నది మంచి మాటే గానీ, ఆ ప్రాంతంలో ఏ జబ్బు ఉందో చెప్పకుండా అదొక్కటే చెబితే పనివాళ్లకు లేని ధైర్యం ఇచ్చినట్టవుతుంది.

మెత్తటి ఒళ్లున్న పిడుదులు ఇంకో రకం. ఇవి గడ్డి మీద కాచుకోవు. పాత గుడిసెల్లో, చెక్క గదుల్లో, ఎలుకల బొరియల్లో దాక్కుని, రాత్రిపూట నిద్రపోతున్న మనిషిని 15 నుంచి 30 నిమిషాల పాటు కరిచి వెళ్లిపోతాయి. పొద్దున లేచాక చూసుకోవడానికి ఒంటి మీద ఏమీ ఉండదు. తగ్గినట్టే తగ్గి మళ్లీ మళ్లీ తిరగబెట్టే రిలాప్సింగ్ ఫీవర్‌కు ఇవీ ఒక కారణం. ఏళ్ల తరబడి ఆకలితో బతకగలవు కాబట్టి, చాన్నాళ్లు తాళం వేసి ఉన్న బసను పని కోసం తెరిచి కూలీలకు ఇచ్చినప్పుడు ఈ ముప్పు ఉంటుంది.

పనివాళ్లే మొదటి రోగులు

పిడుదు జబ్బుల చరిత్ర చదివితే ఒక సంగతి మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. వీటిలో చాలా జబ్బులను మొదట అనుభవించింది బయట పనిచేసేవాళ్లు. చాలాసార్లు కారణాన్ని మొదట అనుమానించిందీ వాళ్లే.

అమెరికాలో పశువులను చంపుతున్న టెక్సాస్ జ్వరానికి పిడుదులే కారణమని పశువుల పెంపకందార్లు చాలాకాలం అంటూ వచ్చారు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. థియోబాల్డ్ స్మిత్, ఫ్రెడ్ కిల్‌బోర్న్ పొలంలో ప్రయోగాలు చేసి 1893లో ఆ మాట నిజమని చూపించారు. కీళ్ల కాళ్ల జీవి ఒకటి క్షీరదాల మధ్య జబ్బును మోసుకెళ్తుందని శాస్త్రం గట్టిగా రుజువు చేసిన తొలి సందర్భాల్లో అదొకటి. మలేరియాలో దోమ పాత్రను రోనాల్డ్ రాస్ కనిపెట్టింది దాని తర్వాతే, 1897లో. పశువుల కాపరి మాటకు ఉన్న విలువ ఎంతో తెలియాలంటే ఈ రెండు సంవత్సరాలు పక్కపక్కన పెట్టి చూడాలి.

మొంటానాలోని బిటర్‌రూట్ లోయలో కలప కొట్టేవాళ్లనూ, పశువుల పెంపకందార్లనూ ఏటా వసంతంలో మచ్చల జ్వరం బలితీసుకునేది. హోవర్డ్ రికెట్స్ 1906లో దాన్ని పిడుదు మోస్తుందని చూపించాడు. రాకీ మౌంటెన్ స్పాటెడ్ ఫీవర్ అంటున్నది దాన్నే. ఆ లోయలో ఆ జ్వరం కోసం పెట్టిన ప్రయోగశాలలోనే, దాదాపు ముప్పావు శతాబ్దం తర్వాత, 1981లో విల్లీ బర్గ్‌డోర్ఫర్ పిడుదు పేగులో సన్నటి మెలికల బ్యాక్టీరియాను చూశాడు. లైమ్ వ్యాధి కారణం అలా దొరికింది.

సోవియట్ దూరప్రాచ్యపు అడవుల్లోకి కొత్తగా వచ్చిన కార్మికులకూ సైనికులకూ మెదడువాపు వస్తోందని 1937లో లెవ్ జిల్బర్ నాయకత్వంలో ఒక బృందం అక్కడికి వెళ్లింది. రోగులు అంతకుముందు అడవిలో ఏ పని చేశారో ఆరా తీసి పిడుదు దాకా చేరారు. ఆ బృందంలో ఉన్న మిఖాయిల్ చుమకోవ్‌కు పరిశోధనలోనే అదే జబ్బు సోకి వినికిడి పోయింది, కుడి చెయ్యి చచ్చుబడింది. 1944లో క్రిమియాలో యుద్ధంతో బీడుపడ్డ పొలాల్లో కోతలకు సాయం చేసిన సోవియట్ సైనికుల్లో దాదాపు 200 మంది రక్తస్రావ జ్వరంతో పడిపోయారు. దాన్నే తర్వాత కాంగోలో 1956లో దొరికిన వైరస్‌తో పోల్చి చూసి క్రిమియన్-కాంగో జ్వరం అని పేరు పెట్టారు.

1957లో కర్ణాటకలోని శివమొగ్గ ప్రాంతంలో, క్యాసనూర్ అడవిలో కోతులు చనిపోయాయి. ఆ వెంటనే చుట్టుపక్కల ఊళ్లలో మనుషులకు జ్వరాలు మొదలయ్యాయి. కోతి జ్వరం అని జనం పిలిచే క్యాసనూర్ అటవీ జ్వరం ఇదే. కట్టెలకూ, ఎండుటాకులకూ, పశువులు మేపడానికీ అడవిలోకి వెళ్లేవాళ్లకే ఇది ఎక్కువగా వస్తుంది. నింఫ్‌లు విరివిగా ఉండే కాలం శీతాకాలం నుంచి ఎండాకాలం దాకా, అంటే దాదాపు డిసెంబరు నుంచి మే వరకు. ఆకులు ఏరుకునే పనికీ అదే అదను. సోకినవాళ్లలో నూటికి ముగ్గురి నుంచి ఐదుగురి దాకా చనిపోతారు. మొదట్లో శివమొగ్గ ప్రాంతానికే పరిమితమైన ఈ జబ్బు ఆ తర్వాత పశ్చిమ కనుమల పొడవునా కేరళ, గోవా, మహారాష్ట్ర, తమిళనాడుల్లోనూ కనిపించింది. ఎన్నో ఏళ్లు వాడిన పాత టీకా సరిగా పనిచేయడం లేదని తేలి దాన్ని ఆపేశారు. చచ్చిన కోతి కనిపిస్తే ఆ చుట్టూ అడవిలోకి వెళ్లవద్దన్నది ఇప్పటికీ ముఖ్యమైన హెచ్చరిక. కోతి చనిపోగానే దాని ఒంటి మీది పిడుదులు కిందికి దిగి అక్కడే చెల్లాచెదురవుతాయి.

కాటు లేకుండానే

పశువుల మధ్య పనిచేసేవాళ్ల ముప్పు వేరుగా ఉంటుంది. క్రిమియన్-కాంగో జ్వరాన్ని మోసే హయలోమా పిడుదులు కాచుకుని కూర్చునే రకం కాదు. కదలికను గమనించి, నేల మీద పరుగెత్తుకుంటూ వచ్చి పట్టుకుంటాయి. వైరస్ సోకిన ఆవులోనో, మేకలోనో, గొర్రెలోనో ఏ లక్షణమూ కనిపించదు. జంతువు ఆరోగ్యంగానే మేస్తూ ఉంటుంది, దాని రక్తంలో కొద్ది రోజుల పాటు వైరస్ ఉంటుంది. ఆ రోజుల్లో దాన్ని కోసినా, కాన్పు చేసినా, గాయానికి కట్టు కట్టినా చేతుల్లోని చిన్న గీత ద్వారా వైరస్ ఎక్కవచ్చు. కబేళా పనివాళ్లు, పశువైద్యులు, కాపరులు ఈ జబ్బు జాబితాల్లో పదే పదే కనిపించేది ఇందుకే. సోకినవాళ్లలో నూటికి 10 నుంచి 40 మంది దాకా చనిపోతారు. రోగిని చూసిన నర్సులకూ డాక్టర్లకూ కూడా అంటుకుంటుంది. 2011లో గుజరాత్‌లో ఈ జబ్బు బయటపడినప్పుడు చనిపోయినవాళ్లలో వైద్య సిబ్బందీ ఉన్నారు.

కాపరులకు ఉన్న ఒక అలవాటు గురించి ఇక్కడ చెప్పుకోవాలి. గొర్రె ఒంటి మీది పిడుదును పీకి గోళ్ల మధ్య నలిపేయడం. రక్తం చిమ్మి వేళ్లకు అంటుతుంది, అదే చేత్తో కళ్లు తుడుచుకుంటారు. కాటు ఒక్కటీ పడకుండానే జబ్బు రావడానికి ఇది చాలు. చేతికి గ్లవ్స్ ఉంటే మంచిది. లేకపోతే పిడుదును మూత ఉన్న సీసాలో స్పిరిట్ పోసి అందులో వేయాలి. జంతువుల మీదే పిడుదుల్ని తగ్గిస్తే కాపరికి ముప్పు తగ్గుతుంది కాబట్టి, పిడుదుల మందును పశువుల ఖర్చుగా మాత్రమే చూడటం సరికాదు. అది మనిషి రక్షణ కూడా.

ఇంకో చిత్రమైన జబ్బు ఈమధ్య కాలంలోనే తెలిసింది. కొన్ని పిడుదుల లాలాజలంలో ఆల్ఫా-గ్యాల్ అనే చక్కెర పదార్థం ఉంటుంది. ఆవు, పంది, గొర్రె మాంసంలోనూ అదే ఉంటుంది. కాటుతో శరీరం దానికి అలర్జీ పెంచుకుంటే, ఆ తర్వాత మాంసం తిన్న రెండు నుంచి ఆరు గంటలకు దద్దుర్లు, వాంతులు, కొందరిలో ఊపిరాడకపోవడం దాకా వస్తాయి. ఎప్పుడో రాత్రి భోజనంలో తిన్నదానికీ అర్ధరాత్రి దద్దుర్లకూ సంబంధం ఉందని ఎవరికి తడుతుంది? అమెరికాలో 2010 నుంచి 4,50,000 మంది దాకా దీని బారిన పడి ఉండవచ్చని అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ అంచనా. కొత్త కాట్లు పడకపోతే కొందరిలో ఇది ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతుంది. అడవి పని మానలేని మనిషికి కొత్త కాట్లు పడకుండా ఎలా?

దుస్తులు, మందు, స్నానం

నివారణలో గట్టి ఆధారం ఉన్నది పెర్మెత్రిన్ పట్టించిన బట్టలకే. ఈ మందు చర్మానికి రాసుకునేది కాదు, బట్టకు పట్టించేది. దాన్ని తాకిన పిడుదు పట్టు తప్పి రాలిపోతుంది, చస్తుంది. అమెరికాలోని నార్త్ కరొలైనాలో అటవీ, పార్కుల సిబ్బంది యూనిఫారాలకు ఈ మందు పట్టించి చేసిన అధ్యయనం 2014లో వచ్చింది. మొదటి ఏడాది కాట్లు 82 శాతం తగ్గాయి. రెండో ఏడాది అదే బట్టలతో ఆ తగ్గుదల 34 శాతానికి పడిపోయింది. ఈ రెండో అంకెను తరచూ వదిలేస్తారు. పనివాళ్ల బట్టలు రోజూ ఉతుకుతారు, రాళ్లకూ ముళ్లకూ రాసుకుంటాయి, ఎండలో ఆరతాయి. ఒకసారి యూనిఫాం ఇచ్చి చేతులు దులుపుకుంటే రెండో ఏడాదికి రక్షణ కరిగిపోతుంది. ఏడాదికోసారి మార్చాలన్న నియమం ఉంటేనే ఆ ఖర్చుకు అర్థం.

ప్యాంటు అంచుల్ని సాక్సుల్లోకి దోపుకోవాలి, పొడుగు చేతుల చొక్కా వేసుకోవాలి, లేత రంగు బట్టలు కట్టుకోవాలి అన్నవి అందరూ చెప్పేవే. మంచి సలహాలే. కానీ ఉక్కపోతలో, ఎండలో, బరువులెత్తే పనిలో ఒళ్లంతా కప్పుకుంటే వడదెబ్బ ముప్పు పెరుగుతుంది. కూలీ చొక్కా చేతులు పైకి మడవడం నిర్లక్ష్యమేమీ కాదు, అప్పటికప్పుడు ప్రాణానికి ఏది ముఖ్యమో అతను చేసుకున్న నిర్ణయం. పిడుదు కింది నుంచి పైకి పాకుతుంది కాబట్టి బూట్లు, సాక్సులు, ప్యాంటు కింది భాగం మీద ముందు దృష్టి పెడితే వేడితో పెద్దగా పేచీ ఉండదు. వాటికి మందు పట్టించడం తక్కువ ఖర్చులో ఎక్కువ ఫలితం ఇచ్చే పని. చర్మానికి డీట్, పికారిడిన్ లాంటి, పురుగుల్ని దరిచేరనివ్వని రిపెల్లెంట్లు పనిచేస్తాయి. అయితే చెమట పట్టే పనిలో కొన్ని గంటలకోసారి మళ్లీ రాసుకోవాలి, అంటే పని మధ్యలో ఆగాలి.

ఉతకడంలోనూ ఒక చిక్కుంది. పిడుదు చల్లటి నీళ్ల ఉతుకును తట్టుకుంటుంది. 54 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి నీళ్లు కావాలి. పొడి వేడికి మాత్రం త్వరగా చస్తుంది. బట్టలు పొడిగా ఉండగానే డ్రయ్యర్‌లో ఎక్కువ వేడి మీద పది నిమిషాలు తిప్పితే చాలు. పని బట్టల్ని ఇంటికి తీసుకెళ్లి గదిలో తగిలించడం వల్ల ఇంట్లోవాళ్లకు కాటు పడే అవకాశం ఉంటుంది. బట్టలు మార్చుకునే గది, స్నానాల గది పనిచోటే ఉండాలని అడగడానికి ఇదొక్కటే సరిపోయే కారణం. పని నుంచి వచ్చిన రెండు గంటల్లోపు స్నానం చేసినవాళ్లలో లైమ్ వ్యాధి తక్కువగా కనిపించింది. అంటుకోని పిడుదులు నీళ్లతో పోతాయి, అంటుకున్నవి చేతికి తగులుతాయి. చంకలు, గజ్జలు, మోకాళ్ల వెనక, బొడ్డు, చెవుల వెనక, నడుం పట్టీ కింద, తల వెంట్రుకల్లో వెతకాలి.

తీయడం తేలికే. సన్నటి మొన ఉన్న పట్టకారుతో చర్మానికి బాగా దగ్గరగా పట్టుకుని, మెలిపెట్టకుండా నిదానంగా నిటారుగా లాగాలి. నిప్పుతో చురక పెట్టడం, కిరోసిన్ పోయడం, నూనె రాయడం, గోళ్ల రంగు పూయడం వద్దు. అవి పిడుదును ఇబ్బంది పెట్టి లాలాజలాన్ని లోపలికి కక్కేలా చేయవచ్చు. పైగా అది తనంతట వదిలేదాకా ఆగడంలో గంటలు పోతాయి. నోటి ముక్క లోపల విరిగిపోయినా కంగారు అక్కర్లేదు. చర్మమే దాన్ని మెల్లగా బయటకు నెట్టేస్తుంది. పని బృందానికి ఒక పట్టకారు, జేబులో పట్టేంతది, ఫస్ట్ ఎయిడ్ పెట్టెలో ఎప్పుడూ ఉండాలి.

టీకాల విషయంలో ఆస్ట్రియా ఉదాహరణ చెప్పుకోదగ్గది. ఒకప్పుడు అక్కడ పిడుదు మెదడువాపు కేసులు ఏటా వందల్లో వచ్చేవి. 1980ల మొదట్లో దేశమంతా టీకా ప్రచారం మొదలుపెట్టారు. జనాభాలో అత్యధికులు వేయించుకోవడంతో కేసులు బాగా పడిపోయాయి. లైమ్‌కు అమెరికాలో 1998లో టీకా వచ్చింది గానీ అమ్మకాలు లేవంటూ 2002లో తయారీదారు దాన్ని ఉపసంహరించుకున్నాడు. ప్రతి ఏడాదీ కాట్లు పడే పనివాళ్లకు అది అక్కరకొచ్చేది.

జ్వరం వచ్చాక

ఇక రెండో గడువు. లైమ్ మచ్చ కాటు తర్వాత 3 నుంచి 30 రోజుల్లో ఎప్పుడైనా రావచ్చు. మెల్లగా విస్తరించే ఆ ఎర్ర మచ్చ రోగుల్లో 70 నుంచి 80 శాతం మందికి వస్తుంది, మిగతావాళ్లకు రాదు. పాఠ్యపుస్తకాల్లో దాని ఫొటోలు ఎక్కువగా తెల్లని చర్మం మీదివే. నల్లని చర్మం మీద అది ఎర్రగా కాకుండా ముదురు గోధుమ రంగులోనో, ఊదా రంగులోనో, కమిలినట్టో కనిపిస్తుంది. అందుకే నల్లనివాళ్లలో చాలాసార్లు జబ్బు ముదిరాక, కీళ్లవాపు దాకా వెళ్లాక గానీ బయటపడటం లేదు. ఎండలో పనిచేసే కూలీల్లో ముదురు రంగు చర్మం ఉన్నవాళ్లు ఎందరో ఆలోచిస్తే ఈ లోపం ఎవరి మీద పడుతోందో అర్థమవుతుంది.

రాకీ మౌంటెన్ జ్వరంలో గడువు ఇంకా బిగుతుగా ఉంటుంది. జ్వరం మొదలైన ఐదు రోజుల్లోపు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెడితే చాలావరకు బతుకుతారు. ఆలస్యమైతే చావు ముప్పు వేగంగా పెరుగుతుంది. మందు లేకపోతే ఐదుగురిలో ఒకరు, అంతకంటే ఎక్కువమంది కూడా చనిపోవచ్చు. మచ్చలు జ్వరం వచ్చిన రెండు నుంచి నాలుగు రోజులకు గానీ కనిపించవు, కొందరికి అసలు రావు. రక్తపరీక్షలో యాంటీబాడీలు మొదటి వారంలో సాధారణంగా దొరకవు. పరీక్ష ఫలితం కోసం ఆగే డాక్టర్ గడువు దాటబెడతాడు. అందుకే అనుమానం రాగానే మందు మొదలుపెట్టాలన్నది సరైన పద్ధతి. డాక్సీసైక్లిన్ పాతది, చవకైనది, చాలాచోట్ల దొరికేది. మందు లేక పోతున్న ప్రాణాలు కావు ఇవి.

మరి అనుమానం రావాలంటే? పిడుదు కరిచిందని చాలామంది రోగులకు గుర్తే ఉండదు. జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులతో వచ్చిన మనిషిని చూస్తే ఫ్లూ, డెంగీ, మలేరియా గుర్తొస్తాయి. 'ఏం పని చేస్తారు' అన్న ఒక్క ప్రశ్నే దారి చూపుతుంది. వృత్తి వ్యాధుల వైద్యానికి ఆద్యుడైన ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రమజ్జిని 300 ఏళ్ల కిందటే రోగిని అడగాల్సిన ప్రశ్నల్లో దీన్ని చేర్చమన్నాడు. రోజుకూలీ అయితే జ్వరం వచ్చిన మొదటి మూడు రోజులు మాత్ర వేసుకుని పనికి పోతాడు, ఎందుకంటే సెలవంటే కూలి పోవడమే. ఐదు రోజుల గడువులో మూడు అలా కరిగిపోతాయి.

(స్క్రబ్ టైఫస్‌నూ పిడుదు జబ్బుల్లో కలిపేయడం తరచూ కనిపిస్తుంది. అది వేరు. చిగ్గర్ అనే అతిచిన్న మైట్ పిల్లలు దాన్ని మోస్తాయి. పొలాల్లో, పొదల్లో పనిచేసేవాళ్లకే ఎక్కువ రావడం, డాక్సీసైక్లిన్‌కు లొంగడం మాత్రం దానికీ, బ్యాక్టీరియా వల్ల వచ్చే పిడుదు జబ్బులకూ ఉమ్మడి.)

లెక్కల్లో కనపడని పని

అమెరికాలో ఏటా సుమారు 4,76,000 మంది లైమ్ వ్యాధికి చికిత్స పొందుతున్నారని 2010 నుంచి 2018 మధ్య సమాచారంతో సీడీసీ అంచనా వేసింది. వీరిలో పని మీద కాటు పడినవాళ్లు ఎందరన్న ప్రశ్నకు ఈ లెక్కలు జవాబివ్వవు. అక్కడి వ్యాధి లెక్కల్లో కేసును రోగి నివాసం ఉన్న చోటే నమోదు చేస్తారు, కాటు పడిన చోట కాదు. వృత్తి గడి తరచూ ఖాళీగా ఉంటుంది. ఒక రాష్ట్రంలో మొక్కలు నాటి, మూడు వారాల తర్వాత ఇంకో రాష్ట్రంలో పండ్లు కోస్తూ జ్వరం తెచ్చుకున్న వలస కూలీ ఎక్కడి లెక్కలోకి వస్తాడు? లెక్కలో లేని జబ్బుకు బడ్జెట్ ఉండదు, నియమం ఉండదు, నష్టపరిహారం అంతకన్నా ఉండదు.

దీనికి భిన్నమైన దారి పట్టిన దేశాలున్నాయి. ఫ్రాన్స్‌లో వ్యవసాయ కార్మికుల వృత్తి వ్యాధుల పట్టికల్లో లైమ్ వ్యాధికి చోటుంది. పట్టికలోని షరతులకు సరిపోతే చాలు, ఏ రోజున ఏ పొద దగ్గర కాటు పడిందో కార్మికుడు రుజువు చేయనక్కర్లేదు. పోలండ్‌లో వృత్తి వ్యాధులుగా గుర్తించిన అంటువ్యాధుల్లో పెద్ద వాటా లైమ్‌దే, వాళ్లలో ఎక్కువమంది అటవీ సిబ్బంది, రైతులు. ఆ దేశంలో పిడుదులు విపరీతంగా ఉన్నాయని మాత్రమే దీని అర్థం కాదు. అక్కడ పనికీ జబ్బుకూ ఉన్న సంబంధాన్ని రాసి పెడుతున్నారని కూడా. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2025 జూన్‌లో పనిచోట జీవసంబంధ ప్రమాదాల మీద 192వ నంబరు కన్వెన్షన్‌ను ఆమోదించింది. దాన్ని అంగీకరించే దేశాల్లో ఈ కాట్లు యజమాని బాధ్యతల్లోకి రావడానికి దారి ఏర్పడింది.

పిడుదుల పటం కూడా మారుతోంది. స్వీడన్‌లో అవి ఉత్తరానికి, మధ్య యూరప్ కొండల్లో ఇంకా ఎత్తులకు ఎక్కాయి. కెనడా దక్షిణ భాగాల్లో లైమ్ పిడుదులు స్థిరపడ్డాయి. క్రిమియన్-కాంగో జ్వరం స్పెయిన్‌లో స్థానికంగా సోకిన తొలి కేసులు 2016లో బయటపడ్డాయి. కొత్తగా పిడుదులు చేరిన ప్రాంతాల్లో పనివాళ్లకు పాత అనుభవం ఉండదు, డాక్టర్లకూ ఉండదు. అక్కడ మొదట కరిచేది మళ్లీ పొదల్లో పనిచేసేవాళ్లనే.

అందుకే యజమానులను అడగాల్సింది కరపత్రాలను కాదు, సమయాన్ని. షిఫ్టు చివర్లో కూలి కట్ చేయకుండా పావుగంట, ఒళ్లు చూసుకోవడానికి. జంటలుగా ఒకరి వీపు ఒకరు చూసుకోవచ్చు. స్త్రీలకు వేరే చాటు ఉండాలి, లేకపోతే వాళ్లు ఆ పావుగంటను వాడుకోలేరు. జ్వరం వస్తే మొదటి రోజే ఆసుపత్రికి వెళ్లేందుకు కూలితో కూడిన సెలవు ఉండాలి. పిడుదు దొరికిన ప్రతిసారీ పని రిజిస్టరులో తేదీ, చోటు, ఒంటి మీద ఎక్కడ అన్నది ఒక్క వరుస రాయాలి. అందులో ఉన్నదే ఒక చిన్న కార్డు మీద రాసి పనివాడి చేతికివ్వాలి. మూడు వారాల తర్వాత ఇంకెక్కడో, తన భాష రాని డాక్టర్ ముందు అతను జ్వరంతో కూర్చున్నప్పుడు, అడగని ప్రశ్నకు జవాబు ఆ కార్డు మీద ఉంటుంది.